ముప్పది దినముల పియానో

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునుగల వీథులలో ఖాళీ గోడ కనబడుట దుర్లభము. ఎటు చూచినను ఏదో యొక కంప్యూటరు విద్యను కొలది వారములలో నేర్పెదమను ప్రకటనయే. తెలుగు జిల్లాల నలుమూలలనుండి వచ్చి, హాస్టళ్లలో తలదాచుకొని, ఆ పాఠములు విని ఉద్యోగములు సంపాదించిన యువకులు వేలకు వేలు. అన్నము పెట్టిన విద్యను చులకన చేయరాదు. కాని పియానో నేర్వగోరి అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో గురువును వెదకు కళాశాల విద్యార్థియు అదే తొందరతో పోవుచున్నాడు. చిక్కంతయు ఇక్కడనే కలదు.

“మూడు నెలలలో ఒక సినిమాపాట వచ్చునా?” అనునది అతని మొదటి ప్రశ్న. వచ్చును. కుడిచేతితో వరుస, ఎడమచేతితో మూడు నాలుగు మీటలు. అంతమాత్రము కష్టము కాదు. కాని రెండవ పాటకు మరల ఎవరో ప్రక్కన కూర్చుండి మీట మీటకు చూపవలసి వచ్చును. పాట వచ్చినది, విద్య రాలేదు.

ఇటలీ దేశస్థుడైన క్రిస్టోఫోరి 1700 ప్రాంతమున ఫ్లారెన్సులో ఈ వాద్యమును నిర్మించినప్పుడు దాని విశేషమంతయు సుత్తిలోనే యుండెను. మీటను మెల్లగా నొక్కిన సుత్తి తీగను మెల్లగా తాకును. గట్టిగా నొక్కిన గట్టిగా మ్రోగించును. కనుక 88 మీటల స్థానములు తెలియుట సగము విద్యయే. వ్రేలి బరువు తెలియుట తక్కిన సగము. హాస్టలు గదిలో మంచముపై పరచుకొను 61 మీటల చౌక కీబోర్డు ఈ రెండవ సగమును నేర్పజాలదు. దానినే నమ్ముకొన్నవాడు నిజమైన పియానో ముందు కూర్చున్ననాడు వ్రేళ్లు తడబడును. చౌక వాద్యము తప్పుకాదు. అందరికిని స్తోమత యుండదు. కాని వారమున కొక్కమారైనను బరువుమీటల వాద్యముపై సాధన చేయుట విధిగా పెట్టుకొనవలెను.

మంచి అలవాట్లు గొప్ప రహస్యములేమియు కావు. ఆదివారము నాలుగు గంటలు కూర్చుండుటకన్న దినమునకు అరగంట మేలు. గోళ్లు కత్తిరించుకొనవలెను. ఒక్కొక్క చేతిని విడిగా సాధించి పిదప రెంటిని కలుపవలెను. తప్పు దొర్లినచోటనే నిలిచి, ఆ రెండు మూడు గతులను నిదానముగా పదిమార్లు వాయింపవలెను. తప్పు వచ్చినప్పుడెల్ల మొదటికి పరుగెత్తువాడు వచ్చిన భాగమునే సాధించుచు, రానిదానిని రానట్లే యుంచుకొనును. దినమున కొక క్రొత్త పంక్తిని స్వరలిపి చూచి వాయింపవలెను.

ఇది తెలుగువారికి క్రొత్తయా? సరళీవరుసలను మూడు కాలములలో తాళము తప్పక పాడించిన గురువులు చేసినదిదియే. వయొలిను సైతము పాశ్చాత్యుల వాద్యమే. బాలుస్వామి దీక్షితుల కాలమున మన సంగీతమున ప్రవేశించి, ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893-1964) చేతిలో తెలుగుదేశపు సొత్తైనది. పాశ్చాత్యుల కమాను పద్ధతిలోని మేలును ఆయన గ్రహించెను; సాధన మాత్రము మనదే. పియానో గమకమును పలుకజాలదు గనుక కర్ణాటక సంగీతమున వయొలినువలె ఇమడలేదు. అయినను సాధనకు దేశభేదము లేదు.

“ఇంజనీరింగు చదువుతో తీరిక ఎక్కడిది?” అనువారు కలరు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని అమీర్‌పేటలో మెట్రో ఎక్కినవాని చెవిలో నేటి పాఠముననే వినిపింపవచ్చును; వినుటయు సాధనయే. అరగంట దొరకనివాడు పావుగంట చేయవచ్చును. చేయని దినమును మాత్రము అలవాటు కానీయరాదు.

తప్పు విద్యార్థిది మాత్రమే కాదు. దినముల లెక్క చెప్పి రుసుము పుచ్చుకొను బోధకునకు విద్యార్థి తొందరను నిందించు హక్కు లేదు. ఈ విద్యకు ఏండ్లు పట్టునని మొదటి దినముననే చెప్పుట గురుధర్మము. 1877 నుండి పరీక్షలు జరుపుచున్న లండను ట్రినిటీ కళాశాల సైతము ఈ విద్యను ఎనిమిది శ్రేణులుగా విభజించినది. ఆ మెట్లను ఏడాది కొక్కటిగా ఎక్కినను తప్పులేదు; పరీక్షకు కావలసిన పాటలను మాత్రమే వల్లించి యోగ్యతాపత్రమును గోడకు తగిలించుకొనుటయే తప్పు.

ఈనాడు అమీర్‌పేటలో నేర్చిన కంప్యూటరు భాష పదేండ్లకు పాతబడవచ్చును. మరియొకటి నేర్వక తప్పదు. వ్రేళ్లకు పట్టిన సాధన అట్లు పాతబడదు. ఉద్యోగమున అలసి ఇల్లు చేరిన రాత్రి, ఎవరి మెప్పును కోరక, ఒక పాటను ఎవరును చూపకుండ తానే చదివి వాయించుకొనగలుగుట సామాన్యమైన సంపద కాదు. అది ముప్పది దినములలో రాదు.