చెరువు పక్కన టులెట్ బోర్డు.. నోటీసుల లేని కిరాయిదారు

హైదరాబాద్ శివార్లల్ల చెరువుల దిక్కు పోతే రెండు తీర్ల బోర్డులు కనవడ్తయి. ఒకటి సర్కార్ పెట్టింది. ‘ఇది చెరువు జాగ, కబ్జా జేస్తే చర్యలు తప్పవు’ అని. ఇంకోటి ఇంటి గేటుకు తలిగేసింది. ‘డబుల్ బెడ్‌రూం కిరాయికి ఉన్నది, లేక్ వ్యూ, ప్రశాంతమైన కాలనీ’ అని. మొదటిది ఓనర్‌ను బెదిరిస్తది, రెండోది కిరాయిదారును పిలుస్తది. ఆ ఇల్లు చెరువు హద్దుకు లోపటున్నదా, బయటున్నదా అనేది మాత్రం గేటు బోర్డు మీద ఉండదు. నా పంచాయితీ అంతా దీని మీదనే.

2024 జూలైల హైడ్రా వచ్చిన కాంచి చెరువుల మీద చర్చకు కొదవ లేదు. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట కాడ ఎన్ కన్వెన్షన్ కూలింది. సెప్టెంబర్‌ల మల్లంపేట కత్వ చెరువు కాడ విల్లాలు కూలినయి. అమీన్‌పూర్ దిక్కు గూడ బుల్డోజర్లు పోయినయి. టీవీలల్ల ఒక దిక్కు ‘చెరువులను కాపాడాలె’ అనేటోళ్లు. ఇంకో దిక్కు ‘రిజిస్ట్రేషన్ ఉన్నది, పర్మిషన్ ఉన్నది, బ్యాంకు లోను ఉన్నది, మా గతేంది’ అనేటోళ్లు. ఇద్దరి మాటలల్ల ఎంతో కొంత న్యాయం ఉన్నది. గని ఈ లొల్లిల మూడో మనిషి ఒకరున్నరు. ఆ మనిషికి ప్లాటు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. చెరువుల మట్టి పోసింది ఆ మనిషి గాదు. నెల నెల కిరాయి కట్టి ఆ ఇంట్ల ఉంటడు, అంతే. చెరువు పొంగితే ముందు తడిసేది ఆయన సామానే. కూలగొట్టనీకి వస్తే ముందు రోడ్డు మీద పడేది గూడ ఆయన సామానే.

చెరువు పక్కకు జనం ఎందుకు పోతున్నరో ముందు చెప్పుకోవాలె. మాదాపూర్, గచ్చిబౌలిల కొలువు జేసేటోళ్లకు అక్కడి కిరాయిలు అందుతలేవు. శివారుకు వస్తే అదే పైసలకు ఒక రూము ఎక్కువొస్తది, ఇంత గాలి వస్తది. నేను గూడ గసొంటి కాలనీలనే కిరాయికి ఉంటున్న. పొద్దుగాల కొంగలు, పొద్దుమీకి సల్లగాలి. పిల్లలు రోడ్డు మీద సైకిల్ తొక్కినా భయం లేదు. అమీన్‌పూర్ పెద్ద చెరువుకైతే 2016ల జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపే వచ్చింది. దేశంల గసొంటి గుర్తింపు వచ్చిన మొదటి చెరువు అదే. గసొంటి నీళ్ల ఒడ్డున బతకాలె అనుకునుడు తప్పు గాదు.

అయితే ఆ ప్రశాంతత ఊకెనే రాలేదు. చెరువు కాడికి వచ్చి రోడ్డు ఆగిపోతది కాబట్టి బండ్లు రావు. బస్సు రాదు. పక్క ప్లాట్లు చానా మటుకు ఖాళీగుంటయి. అవి ఎందుకు ఖాళీగున్నయో ఎవరు అడుగరు. కొన్నింటికి పర్మిషన్ రాదు, కొన్నింటికి బ్యాంకు లోనియ్యది, కొన్నింటి మీద కోర్టు కేసుంటది. అంటే మనం ‘నిమ్మలంగున్నది’ అని మురిసి అడ్వాన్స్ కట్టిన కాలనీ, కాయిదాలల్ల పంచాయితీ తెగక నిమ్మలంగున్నదేమో గూడ చూసుకోవాలె. ఇల్లు కొనేటోళ్లు వకీలుకు పైసలిచ్చి కాయిదాలు చూపిస్తరు. కిరాయికి వచ్చేటోళ్లు నల్లా నీళ్లు వస్తయా, బండి పెట్టే జాగ ఉన్నదా అని అడిగి దిగుతరు.

అసలు హద్దు అంటే ఏంది? చెరువు నిండి మత్తడి దుంకే ముందు నీళ్లు ఎంత దూరం పరుచుకుంటయో అది ఎఫ్‌టీఎల్. పెద్దలు శిఖం అనేది గీ జాగనే. దాని అవుతల బఫర్ జోన్. 2012ల వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకన్న పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ కాంచి 30 మీటర్ల దాకా ఇల్లు కట్టొద్దు. అంతకన్న చిన్న కుంటయితే 9 మీటర్లు. మన చెరువులు గొలుసుకట్టువి. మీది చెరువు నిండితే అలుగు వారి కింది చెరువుకు పోతది. నడుమల కాలువను మూసి కాలనీ వేస్తే, నీళ్లు ఆ కాలనీ సందులల్లకెళ్లే పోతయి. నాలుగేండ్లు కాలం కాక చెరువు గుంజుకపోతే ఎండిన శిఖం మైదానం లెక్క కనవడ్తది. గప్పుడే ప్లాట్లు అమ్ముడువోతయి. మల్ల ఒక్క పెద్దవాన పడితే కత మారుతది. నీళ్లకు రిజిస్ట్రేషన్ కాయిదం చదువరాదు.

2020 అక్టోబర్ 13 రాత్రి గదే అయింది. టోలిచౌకి నదీం కాలనీ, జల్‌పల్లి దిక్కు ఉస్మాన్‌నగర్ అసొంటి చెరువు పక్క బస్తీలు మునిగినయి. ఉస్మాన్‌నగర్‌ల నీళ్లు నెలల తరబడి తీయలే. అప్పుడు సర్కార్ మునిగిన కుటుంబానికి 10 వేలు, కొంత దెబ్బతిన్న ఇంటికి 50 వేలు, మొత్తం కూలిన ఇంటికి లక్ష ఇస్తమన్నది. ఈ లెక్కను జర మంచిగ చూడుండ్రి. గోడ పోతే 50 వేలు, లక్ష. గోడ ఓనర్‌ది. పరుపు, ఫ్రిజ్, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు పోతే 10 వేలు. మన దగ్గర ఓనర్ మీది అంతస్తుల ఉండి కింది ఇల్లు కిరాయికి ఇచ్చుడు మామూలే. నీళ్లు ముందు వచ్చేది కిందికే. వరదల పోయేది ఎక్కువ సామాను, గని నష్టపరిహారం లెక్క గట్టేది గోడలతోటి. కిరాయిదారు నష్టం ఆ లెక్కల సరిగ ఎక్కదు.

ఇగ బుల్డోజర్ ముచ్చట. 2024 సెప్టెంబర్ 30న హైకోర్టు అమీన్‌పూర్ కేసుల హైడ్రాను గట్టిగనే అడిగింది, ఆదివారం పూట ఎట్ల కూలుస్తరని. నవంబర్ 13న సుప్రీంకోర్టు దేశం మొత్తానికి రూల్ పెట్టింది. ఓనర్‌కో, ఆ ఇంట్ల ఉంటున్నోళ్లకో ముందుగాల నోటీసియ్యాలె, 15 రోజుల గడువియ్యాలె అని. ‘ఉంటున్నోళ్లు’ అనే మాట ఆ తీర్పుల ఉన్నది, అది మంచిదే. గని అదే తీర్పుల ఒక మినహాయింపున్నది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్క జాగ, నదులు, చెరువులు.. వీటిల అక్రమంగ కట్టినయాటికి ఈ రూల్ వర్తించదు. అంటే ఊరి నడుమ కిరాయికున్నోళ్లకు దొరికే 15 రోజులు, చెరువు ఒడ్డున ఉన్నోళ్లకు దొరుకుతయన్న గ్యారంటీ లేదు.

ఆ మినహాయింపు తీసెయ్యమని నేను అంటలేను. చెరువుల కట్టింది కూలాల్సిందే. అంబర్‌పేట బతుకమ్మ కుంటల మల్ల నీళ్లు చూసి సంబురపడ్డోళ్లల్ల నేను గూడ ఉన్న. నేను అడిగేది కూల్చుడు ఆపమని గాదు. కూల్చే తారీఖు లోపటున్న మనిషికి చెప్పమని. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చూసినా, వేరే ఒప్పందం లేకుంటే నెలవారీ కిరాయిదారును ఖాళీ జేపియ్యనీకి ఓనర్ 15 రోజుల ముందు నోటీసియ్యాలె. సొంత ఇంటోనికి ఉన్న ఆ బాధ్యత సర్కార్‌కు ఎందుకుండొద్దు?

‘కిరాయోళ్లకేంది, బ్యాగు సదురుకొని ఇంకో ఇంటికి పోతరు’ అనేటోళ్లున్నరు. పోవుడు అంత అలకగ అయితదా? అడ్వాన్స్ రెండు మూడు నెలలది ఓనర్ దగ్గర ఉంటది. మామూలు దినాలల్లనే పెయింటింగ్ పేరు మీద ఒక నెల కిరాయి కోసుకుంటరు. ఇల్లు కూలిన ఓనర్ ఆ అడ్వాన్స్ వాపస్ ఇస్తడా? కొత్త ఇంటికి మల్ల అడ్వాన్స్, బ్రోకర్‌కు కమీషన్, సామాన్ల ఆటో. సాలు నడుమల పిల్లల బడి. ఆ కాలనీలనే నాలుగిండ్లల్ల పనిజేసే ఆడామెకు ఇల్లుతోటి పాటు కూలి గూడ పోతది.

‘2024 జూలైకి ముందు కట్టి మనుషులు ఉంటున్న ఇండ్ల జోలికి పోము’ అని హైడ్రా కమిషనర్ రంగనాథ్ అప్పుడే చెప్పిండు. మంచిమాటే. అయితే కిరాయికి వచ్చినోళ్లకు ఆ ఇల్లు ఏ ఏడు కట్టిన్రు, మీది అంతస్తు ఎప్పుడు లేపిన్రు, పర్మిషన్ ఎన్ని అంతస్తులకున్నది అనేది ఎట్ల తెలుస్తది?

చట్టంల ఒక దారి ఉన్నది గని ఎవరు వాడుకుంటలేరు. అదే 1882 చట్టం 108వ సెక్షన్‌ల, ఇంటికి ఉన్న పెద్ద లోపం ఓనర్‌కు తెలిసి, కిరాయిదారుకు మామూలుగ చూస్తే తెలిసేది గాకుంటే, ఓనర్ అది ముందే చెప్పాలె అని రాసున్నది. ఇల్లు ఎఫ్‌టీఎల్‌ల ఉండుడు కన్న పెద్ద లోపం ఏముంటది? గని మన అగ్రిమెంట్లు 11 నెలలవి. అందరు 11 నెలల కాడనే ఆపుతరు. ఆ కాయిదంల మొలలు కొట్టొద్దు, కుక్కను పెంచొద్దు అని ఉంటది. చెరువు మాట ఉండదు. ఇగ 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ఉన్నది గదా అంటే, 2005 సవరణ కాడ నెలకు 3,500 దాటిన ఇండ్లను కార్పొరేషన్ల పరిధిల ఆ చట్టం కాంచి తప్పిచ్చిన్రు. ఇయ్యాల ఆ కిరాయికి ఒక్క రూము దొరుకుడు గూడ కష్టమే. కేంద్రం 2021ల నమూనా కిరాయి చట్టం తెచ్చింది, ఉండే ఇంటికి అడ్వాన్స్ రెండు నెలలు దాటొద్దన్నది. గని రాష్ట్రం తన చట్టం జేసుకుంటేనే అది అమలయితది.

అందుకే సర్కార్ నాలుగు పనులు జెయ్యాలె. ఒకటి, చెరువు పక్క కాలనీల ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలు, సర్వే నంబర్లు కనవడేటట్టు మ్యాపు పెట్టాలె. తెలుగుల, ఉర్దూల, హిందీల ఉండాలె, ఎందుకంటే కిరాయికుండేటోళ్లు అన్ని రాష్ట్రాలోళ్లు. రెండు, కిరాయి అగ్రిమెంట్ల ‘ఈ ఇల్లు చెరువు హద్దుల ఉన్నదా లేదా’ అనే లైను తప్పనిసరి జెయ్యాలె. ఓనర్ అబద్ధం రాస్తే అడ్వాన్స్‌తోటి పాటు ఇల్లు మారిన ఖర్చు గూడ కట్టాలె. మూడు, చెరువుల అక్రమ కట్టడమైనా సరే, లోపట మనుషులుంటే వాళ్ల పేరు మీద తలుపుకు నోటీసు అంటించి ఇల్లు మారేంత గడువియ్యాలె. నాలుగు, వరద సాయం ఇంటి నంబర్‌కు గాదు, ఆ ఇంట్ల పొయ్యి వెలిగిచ్చే కుటుంబానికి రావాలె. గ్యాస్ బుక్కు, కరెంటు బిల్లు, అగ్రిమెంటు.. ఏదున్నా సరిపోవాలె.

‘గిట్ల జేస్తే కబ్జాదారులు కిరాయిదారులను అడ్డం పెట్టుకుంటరు’ అనొచ్చు. అడ్డం పెట్టుకోనీకి మేం అడిగేది స్టే గాదు, తారీఖు. తారీఖు అయిపోయినంక ఇల్లు ఖాళీగుంటది, యంత్రం దాని పని అది జేసుకుంటది. ఇంకో మాట, ఇల్లు ఎఫ్‌టీఎల్‌ల ఉన్నదని అగ్రిమెంట్ల రాస్తే ఆ ఇంటికి కిరాయి వస్తదా? కిరాయి రాకుంటే చెరువుల కట్టేటోని ఆశ సగం అక్కడనే సచ్చిపోతది. కిరాయిదారుకు నిజం చెప్పుడు చెరువుకు గూడ కాపలానే.

సర్కార్ చేసేదాక కూసోకుండ, కిరాయికి పోయేటోళ్లు మూడు పనులు జెయ్యుండ్రి. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌ల ఆ చెరువు పేరు కొట్టి మ్యాపు చూడుండ్రి. హద్దు ఇంకా ప్రిలిమినరీ నోటిఫికేషన్ కాడనే ఉన్నదా, ఫైనల్ అయిందా అనేది గూడ అందుల ఉంటది. పాత కిరాణం దుకాణపాయనను ‘2020ల నీళ్లు యాడిదాక వచ్చినయన్నా’ అని అడుగుండ్రి, మ్యాపు కన్న జల్ది జవాబు వస్తది. అడ్వాన్స్ ఇచ్చే ముందు, చెరువు పేరు మీద ఇల్లు పోతే అడ్వాన్స్ మొత్తం వాపస్ అని ఒక్క లైను రాపిచ్చుకోండ్రి. ఓనర్ ఆ లైను రాయనంటే మీ అనుమానానికి జవాబు దొరికినట్టే. ఆ ఇంట్ల దిగకుండ్రి.