గుమీ వీడియో, కోళికోడ్ గాలి

సంపాదకులకు,

యర్రాజి జ్యోతి పేరు ఫోన్లలో మోగిపోవడం వట్టి రీళ్ల మోజని కిందటి ఆదివారం మీ వ్యాసకర్త కొట్టిపారేశారు. సగమే ఒప్పుకుంటాను. 2025 మేలో గుమీలో, వాన దెబ్బకి ఖాళీ అయిన స్టేడియంలో, ఆ విశాఖ పిల్ల హర్డిల్స్‌లో 12.96 సెకన్లతో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. అక్కడ చప్పట్లు కొట్టే జనం లేరు. ఫోన్లలో చూసినవాళ్లు ఆలస్యంగా కొట్టారు. తప్పేముంది?

నా గొడవ వేరు. 2022లో కోళికోడ్‌లో జ్యోతి 13.09కే పరిగెత్తినా, వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లుందని (హద్దు 2.0) రికార్డు దక్కలేదు. దాన్నెవరూ షేర్ చెయ్యరు. మరుసటి నెలే సైప్రస్‌లో 13.23తో అనూరాధా బిస్వాల్ ఇరవయ్యేళ్ల నాటి రికార్డు చెరిపేసింది.

మా లంకలో ఆడపిల్లలు ఆ గుమీ వీడియో చూసి, ఇటుకల మీద కొబ్బరిమట్టలు పెట్టి దూకుతున్నారండి. చాదస్తం ఊరుకోక టేపు పట్టుకెళ్లాను. ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మధ్య దూరం 8.5 మీటర్లు. జ్యోతి మూడంగల్లో దాటేచోట వీళ్లకి అయిదు పడుతున్నాయి.

— ఓ రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, కోనసీమ