కారేదెక్కడో తేల్చకుండా గొట్టాలు మార్చడం మరమ్మతు కాదు

పాత స్పోర్ట్స్ కార్లను అపురూపంగా కాపాడుకునేవారిలోనూ, వాటి విడిభాగాలు అమ్మేవారిలోనూ ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఏ గొట్టం దగ్గర కారినా రబ్బరుకు కాలం తీరినట్లేననీ, కాబట్టి గొట్టాలన్నీ ఒక్కసారే తీసేసి సిలికోన్ గొట్టాల సెట్టు బిగిస్తే ఆ కారు ఉన్నన్నాళ్ళూ మళ్ళీ అటు చూడనక్కరలేదనీ దాని సారాంశం. ముప్పై ఏళ్ళు దాటిన రబ్బరును నమ్మరాదన్నంతవరకు ఇందులో నిజం ఉంది. కానీ రోగమేదో తేలకముందే మందు ఖాయం చేయడం, ఆ మందును కూడా రంగూ ఖరీదూ చూసి ఎంచుకోవడం ఎన్ని మంచి ఇంజిన్లను చెడగొట్టగలదో ఈ అభిప్రాయం లెక్కలోకి తీసుకోదు.

మాజ్దా ఎంఎక్స్-5 తొలి తరం కారును చూస్తే విషయం స్పష్టమవుతుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించి, 1997 వరకు తయారైన ఈ రెండు సీట్ల కారుకు ఇప్పటికీ ఆదరణ తగ్గలేదు. 2017లో మాజ్దా సంస్థే జపాన్‌లో దీనికి పునరుద్ధరణ సేవను ప్రకటించింది. తొలినాటి కార్లలోని 1.6 లీటర్ల ఇంజిన్‌లో సిలిండర్లున్న దిమ్మ పోత ఇనుముది, దానిపైన కూర్చునే హెడ్ అల్యూమినియంది. ఇంజిన్‌ను చల్లబరిచే వ్యవస్థలో పట్టే కూలెంట్ సుమారు 6 లీటర్లు. రేడియేటర్ మూత లోపల దాదాపు 1 బార్ ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కనుక, 100 డిగ్రీల దగ్గర మరగవలసిన నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. గొట్టానికి సన్నని చిల్లు పడితే కూలెంట్‌తోపాటు ఈ ఒత్తిడీ పోతుంది. హెడ్ చుట్టూ ఆవిరి బుడగలు చేరి, అల్యూమినియం వంగి, హెడ్‌కూ దిమ్మకూ మధ్య ఉండే గాస్కెట్ దెబ్బతింటుంది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్ ద్రవంలో మునిగి ఉన్నప్పుడే సరిగ్గా చెబుతుంది కాబట్టి, నీరంతా పోయాక డాష్‌బోర్డు మీది ముల్లును నమ్ముకున్నవారికి హెచ్చరిక అందకపోవచ్చు.

ఇంత పెద్ద నష్టం పొంచి ఉన్నచోట మొదట తేల్చవలసింది కూలెంట్ ఎక్కడినుంచి వస్తున్నదన్నదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, ఆ స్థానంలో మీటరు ఉన్న చేతిపంపు బిగించి, మూతపై రాసి ఉన్న ఒత్తిడికి మించకుండా గాలి ఎక్కించి, ముల్లు దిగుతున్నదేమో కనిపెట్టడాన్ని ఒత్తిడి పరీక్ష అంటారు. ఈ పరీక్ష చేసినప్పుడు తడి తరచుగా గొట్టం నడుమ కాక, క్లిప్పు కింద, తుప్పుపట్టి గరుకెక్కిన లోహపు మెడ దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టి అతుకులో, లేదా నీటి పంపు అడుగున సీలు చెడినట్టు తెలియజేయడానికే పెట్టిన చిన్న రంధ్రంలో కనబడుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ సిలికోన్ విరుగుడు కాదు.

దగ్గరగా చూడవలసిన చోటు ఒకటి ఉంది. హెడ్ వెనుక కొసకూ, డ్రైవరు కాళ్ళ ముందుండే ఇనుప గోడకూ మధ్య, చేయి కష్టంగా దూరే సందులో కామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. కామ్‌షాఫ్ట్ ఏ స్థితిలో తిరుగుతున్నదో ఇంజిన్ కంప్యూటరుకు తెలిపే పరికరం అది. దాని చుట్టూ ఉండే చిన్న రబ్బరు రింగు ఏళ్ళ వేడికి గట్టిపడి చదునైపోతే, ఇంజిన్ ఆయిల్ చుక్క చుక్కగా కింద ఉన్న హీటరు గొట్టాల మీద పడుతుంది. కార్ల కూలెంట్ గొట్టాలకు ఎక్కువగా వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వేడినీ, కూలెంట్‌లోని గ్లైకాల్‌నూ బాగా తట్టుకుంటుంది గానీ ఆయిల్‌ను తట్టుకోలేదు. తడిసిన గొట్టం ఉబ్బి, నొక్కితే మెత్తగా లోపలికి పోయి, క్లిప్పు కింద జారిపోతుంది. గొట్టం పాతబడిందనుకుని సిలికోన్ వేసినవారికి మిగిలేది ఆశాభంగమే. మామూలు సిలికోన్ కూడా ఆయిల్‌లో ఉబ్బేదే. మార్చవలసింది ఆ చిన్న రింగును, దానితోపాటు చెడిన గొట్టాన్ని.

రబ్బరు గొట్టం వయసు పైకి కనిపించే పగుళ్ళను బట్టి తెలుస్తుందన్నది మరో అపోహ. ఇంజిన్‌లోని వేర్వేరు లోహాల నడుమ కూలెంట్ విద్యుత్ వాహకంగా మారి, సన్నని బ్యాటరీలా పనిచేసి, గొట్టం లోపలి పొరలో నిలువు చీలికలు పుట్టిస్తుంది. దీన్ని విద్యుత్ రసాయన క్షయం అంటారు. గొట్టాలు తయారుచేసే గేట్స్ సంస్థ దీన్ని కూలెంట్ గొట్టాల వైఫల్యానికి ప్రధాన కారణంగా పేర్కొంది. దీన్ని పరీక్షించడానికి అమెరికా మోటారు ఇంజినీర్ల సంఘం జె1684 అనే ప్రమాణాన్ని రూపొందించింది. చీలికలు ముఖ్యంగా కొసల దగ్గర పుడతాయి కనుక, చల్లారిన గొట్టాన్ని నడుమ ఒకసారి, క్లిప్పుకు అంగుళం దూరంలో ఒకసారి బొటనవేలితో నొక్కి పోల్చాలి; కొస దగ్గర లోపల గాడి ఉన్నట్టు తగిలితే, పైన ఎంత నల్లగా నిగనిగలాడుతున్నా ఆ గొట్టం పని అయిపోయినట్లే.

సిలికోన్ ఈ క్షయానికి లొంగదు, ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. ఆ గొప్పలు నిజమైనవే. అయితే రేడియేటర్‌కు కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్ 88 డిగ్రీల సమీపంలో తెరుచుకునే ఈ ఇంజిన్‌లో మంచి ఈపీడీఎం తట్టుకోలేని వేడి సాధారణంగా రాదు. పైగా సిలికోన్ గోడల గుండా నీటి ఆవిరి ఈపీడీఎం గోడల కంటే చాలా ఎక్కువగా బయటికి పోతుంది, అందువల్ల ఎక్కడా కారకపోయినా కూలెంట్ మట్టం మెల్లగా తగ్గుతుంది. ఏ చుక్కా పడకుండా మట్టం తగ్గడమే హెడ్ గాస్కెట్ చెడుతున్నదనడానికి తొలి గుర్తు కనుక, సిలికోన్ వేసుకున్న యజమానికి ఆ గుర్తు పనికిరాకుండా పోతుంది. పాత కారుకు ఇది చిన్న నష్టం కాదు.

క్లిప్పుల విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. కార్ఖానాలో బిగించే స్ప్రింగు క్లిప్పు, వేడికి గొట్టం ఉబ్బినా చలికి ముడుచుకున్నా తానే సర్దుకుని పట్టు నిలుపుతుంది. దాన్ని పాతకాలపుదని పారేసి స్క్రూ క్లిప్పు వేస్తే, చలికాలపు ఉదయం ముడుచుకున్న గొట్టం దగ్గర తడి కనిపించి, ఇంజిన్ వేడెక్కగానే మాయమవుతుంది. చాలామంది అప్పుడు స్క్రూను మరింత బిగిస్తారు. మెత్తని సిలికోన్‌ను ఆ క్లిప్పు పళ్ళ సందులు కోస్తాయి. సిలికోన్‌కు లోపలివైపు నునుపైన పట్టీ ఉన్న క్లిప్పులు కావాలి.

సెట్టు వేయించుకున్నామన్న నమ్మకం అసలు ప్రమాదాన్ని కప్పిపుచ్చుతుంది. మార్కెట్లో దొరికే సెట్లలో చాలావాటిలో రేడియేటర్ పై గొట్టం, కింది గొట్టం మాత్రమే ఉంటాయి. ఇంజిన్‌లోకి గాలిని పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, చూపుకు అందని చోట ఉండే సన్నని గొట్టాలు అలాగే ఉండిపోతాయి. కారు నడిరోడ్డు మీద ఆగడానికి అవి చాలు. హీటరు గొట్టం కారినప్పుడు దాని రెండు కొసలకూ బిరడాలు కొట్టి ఊరుకోవడం ఈ కారు విషయంలో మరీ అనర్థం. అడ్డంగా కూర్చోవలసిన ముందుచక్రాల కారు ఇంజిన్‌ను నిలువుగా తిప్పి ఇందులో అమర్చడం వల్ల రేడియేటర్‌కు నీరు పోయే దారి, వచ్చే దారి రెండూ ముందువైపే ఉన్నాయి; హెడ్ వెనుక భాగం నుంచి వేడి నీరు బయటపడే ముఖ్యమైన దారి హీటరుదే. దాన్ని మూస్తే వెనుక కొసనున్న నాలుగో సిలిండరు చుట్టూ ప్రవాహం మందగిస్తుంది. ఇక లీకు మూసే పొడుల సంగతి: అవి చిల్లుతోపాటు హీటరు సన్నని నాళాలనూ పూడ్చగలవు.

అయితే నిర్ణయం ఎలా? ఒత్తిడి పరీక్షలో తడి కనిపించిన చోటును, అక్కడికి దారితీసిన కారణంతో సహా బాగుచేయాలి. చేయి సులభంగా అందే గొట్టాలను పరీక్షిస్తూ అవసరమైనప్పుడు మార్చవచ్చు; మానిఫోల్డ్ కిందివీ హెడ్ వెనుకవీ వయసు తెలియనివైతే, కారకపోయినా ఆ భాగం విప్పిన రోజే మార్చేయాలి. టైమింగ్ బెల్టుకు మాజ్దా చెప్పిన 60,000 మైళ్ళ గడువు వచ్చినప్పుడు నీటి పంపు ఎలాగూ చేతికందుతుంది, గొట్టాల పని దానితో కలిపితే కూలీ ఒకసారే. కొత్త గొట్టాలు కార్ఖానా ఆకారంలో పోతపోసిన ఈపీడీఎంవి, క్లిప్పులు స్ప్రింగువి అయితే చాలు. మెడల మీది తుప్పును రుద్ది నునుపు చేయకుండా కొత్త గొట్టం ఎక్కించకూడదు, కూలెంట్ నింపాక లోపలి గాలి పూర్తిగా పోయేదాకా కారును రోడ్డెక్కించకూడదు.

పాత ఎంఎక్స్-5 ఉన్నవారు సిలికోన్ సెట్టుకు డబ్బు కట్టకముందే ఆ చేతిపంపుతో ఒకసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి, మరమ్మతు ముగిశాక అదే పరీక్ష రెండోసారి చేయించి, పావుగంట ముల్లు కదలకుండా నిలిచిందని కళ్ళతో చూశాకే కారును తిరిగి తీసుకోవాలి.