ఊరగాయకు జాడీ, ఫైళ్లకు డిస్కు

అక్కచెల్లెళ్లారా, ఊరగాయ ఎంత బాగా కలిపినా జాడీ సరైనది కాకపోతే ఏడాది నిలవదు కదా! కంప్యూటరులోని ఫొటోలు, ఇంటి లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు ఇంకో డిస్కులోకి ఎత్తిపెట్టడమూ (బ్యాకప్) అట్లాంటిదే.

పాత కంప్యూటరుకు పిల్లలు ఉబుంటు వంటి లైనక్సు వేసిచ్చారనుకోండి. అందులో ఫైళ్లను సర్దే పద్ధతి సాధారణంగా ఈఎక్స్‌టీ4. ఇట్లాంటి పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అనేదీ అది రాసిపెట్టుకుంటుంది. అంగట్లో కొన్న పెన్‌డ్రైవులో మాత్రం తరచుగా ఎఫ్ఏటీ32 ఉంటుంది. అందులో ఆ వివరాలకు చోటే లేదు.

1922లో మన తిరుమలలో వెలుగులోకి వచ్చిన అన్నమయ్య రాగిరేకులు తలచుకోండి. వాటిమీద పాట ఉంది, రాగం పేరు ఉంది, బాణీ లేదు. అందుకే చాలా పాటలకు ఈ కాలపు విద్వాంసులు బాణీలు కట్టాల్సి వచ్చింది. చోటు లేనిది నిలవదు.

ఉత్త ఫొటోలకైతే ఫర్వాలేదు. మొత్తం హోమ్ ఫోల్డరును అట్లా దాచి తిరిగి పెట్టుకుంటే కొన్ని ప్రోగ్రాములు మొరాయిస్తాయి. పైగా ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు. పెద్ద పెళ్లి వీడియో అక్కడే ఆగిపోతుంది.

ఇట్లా చేయండి:

* టెర్మినల్‌లో డీ, ఎఫ్ చిన్న అక్షరాలు, ఖాళీ, అడ్డగీత, పెద్ద టీ కొట్టండి. ఏ డిస్కుకు ఏ పద్ధతో కనిపిస్తుంది. ఎఫ్ఏటీ32 ఉంటే వీఎఫ్ఏటీ అని చూపిస్తుంది.

* బ్యాకప్‌కు వేరే డిస్కు ఉంచి, ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయించండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందే చూసుకోండి.

* అదే డిస్కు విండోస్‌లోనూ కావాలంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టి, ఫైళ్లను 'టార్' మూటగా కట్టి దాచండి. మూటలో వివరాలు భద్రంగా ఉంటాయి.

* డిస్కు మౌంట్ అయిందో లేదో చూడండి. కాకుంటే కాపీ మళ్లీ పాత డిస్కులోనే పడొచ్చు. ఆ డిస్కు చెడితే రెండూ పోతాయి.

పని అయ్యాక రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. టార్ మూటైతే వేరే ఫోల్డరులో విప్పి చూడండి. పోయిన పెద్దల ఫొటో మళ్లీ తీయించలేం కదమ్మా!