కరిగే స్టెంట్‌కు పూత ఎందుకు?

ఒక సహోదరి రాసిన ఉత్తరంతో ఈ నెల శీర్షిక మొదలుపెడుతున్నాను. ఆమె తండ్రిగారికి 2015లో గుండెపోటు వస్తే పట్నంలో "కరిగిపోయే స్టెంట్" వేశారట. "అది ఈపాటికి కరిగిపోయి ఉంటుంది కదా, ఇంకా మాత్రలెందుకు, డబ్బు దండగ అని మా అన్నయ్యలు అంటున్నారు. నాన్నగారు రెండు వారాలుగా మాత్రలు మింగడం లేదు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

ముందు జవాబు చెబుతాను. అమ్మా, ఇది చదివిన రోజే నాన్నగారిని గుండె డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఏ మాత్ర ఉంచాలో, ఏది మానాలో ఆయనే చెప్పాలి. ఇక కారణం ఏమిటంటారా, అది కొంచెం పెద్ద కథ.

గుండెకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, సన్నని గొట్టంతో చిన్న బెలూను పంపి, దాన్ని ఉబ్బించి దారి వెడల్పు చేసే పద్ధతిని 1977లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో డాక్టర్ ఆండ్రియాస్ గ్రూంట్సిగ్ మొదలుపెట్టారు. అయితే వెడల్పు చేసిన నాళం కొందరిలో మళ్ళీ ముడుచుకుపోయేది. అందుకని 1986లో ఫ్రాన్సులోను, స్విట్జర్లాండులోను వైద్యులు జాలీ వంటి లోహపు గొట్టాన్ని లోపల ఉంచారు. అదే స్టెంట్. నాళం ముడుచుకోవడం ఆగింది గాని, గాయం మానేటప్పుడు కండ పెరిగినట్టు జాలీ సందుల్లోంచి కండరకణాలు పెరిగి కొందరికి దారి మళ్ళీ పూడుకుపోయేది.

అప్పుడు పూత వచ్చింది. స్టెంట్‌కు మందు పూసి, ఆ మందు కొద్దికొద్దిగా నాళపు గోడలోకి దిగేలా చేశారు. ఆ మందుల్లో ముఖ్యమైనది సిరోలిమస్. పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి దీన్ని వేరు చేసినవారిలో ముఖ్యుడు, అవిభక్త భారతదేశంలో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్. మాంట్రియల్‌లోని ప్రయోగశాల మూతపడినప్పుడు ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజరులో దాచుకున్నారు! సిరోలిమస్ పూసిన స్టెంట్‌కు 2003లో అమెరికా అనుమతి దొరికింది. ఈ మందుతో ఒక చిక్కు ఉంది. కండ పెరగకుండా ఆపే మందే, స్టెంట్ తీగల మీద నాళపు సహజమైన పొర కమ్ముకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. పొర కమ్మని తీగ మీద రక్తం గడ్డకట్టవచ్చు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు రాసేది అందుకే.

నాళం మానిన తర్వాత లోహంతో పని ఏముంది, దానంతట అదే కరిగిపోతే మేలు కదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. ఆపరేషనులో లోపల వేసే కొన్ని కుట్లు కరిగిపోవడం మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. పెరుగుకు పులుపునిచ్చేది లాక్టిక్ ఆమ్లం. దాని అణువులను గొలుసుగా కడితే గట్టి ప్లాస్టిక్ వంటి పదార్థం వస్తుంది. అది ఒంట్లో నెమ్మదిగా మళ్ళీ లాక్టిక్ ఆమ్లంగా విడిపోయి, చివరికి నీరు, బొగ్గుపులుసు వాయువు అవుతుంది. మరికొందరు మెగ్నీషియం లోహాన్ని ఎంచుకున్నారు. అదీ ఒంటికి కొత్తదేమీ కాదు.

మెగ్నీషియం దగ్గర తొందరపాటు బయటపడింది. పూత లేని మెగ్నీషియం స్టెంట్‌ను 63 మందికి వేసి చూసిన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. స్టెంట్ సుమారు నాలుగు నెలల్లోనే కరిగిపోయింది. నాళానికి ఆసరా అంతకంటే ముందే సడలింది. ఏడాదిలోగా వందకు 45 మందికి మళ్ళీ చికిత్స చెయ్యవలసి వచ్చింది. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి ఎందుకు వేయిస్తాం? చింతపండు పులుసు లోహాన్ని తినకుండా. మెగ్నీషియానికి కూడా అలాంటి కళాయి కావలసివచ్చింది. ఉప్పదనం గల రక్తాన్ని కొన్ని నెలలు ఆపి, తర్వాత తానే కరిగిపోవాలి. ఒకే పూత మందును మోయాలి, లోహాన్ని కాపాడాలి, బెలూను ఉబ్బినప్పుడు గోడ సున్నంలా పెచ్చులూడకుండా సాగాలి. మరో ఇబ్బంది, లాక్టిక్ పూత విడిపోయేటప్పుడు వచ్చే ఆమ్లమే కింది లోహాన్ని త్వరగా తినేయగలదు. ఇన్నిటినీ సర్దుకుంటూ సిరోలిమస్, లాక్టిక్ పూతతో చేసిన మెగ్నీషియం స్టెంట్ 2016లో ఐరోపాలో అనుమతి పొందింది. దాని తర్వాతి రకానికి 2024లో అనుమతి వచ్చింది.

లాక్టిక్ స్టెంట్లలో పేరుపొందినది అబ్సార్బ్. దాని మీద ఎవరోలిమస్ అనే మందు పూత. లోహానికున్న గట్టిదనం లేదు గనుక తీగ సుమారు 150 మైక్రాన్ల మందం, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు, ఉండవలసివచ్చింది. మందమైన తీగ రక్తప్రవాహానికి కాలువలో రాయి వంటిది. అమెరికాలో సుమారు 2,000 మందిని రెండేళ్ళు గమనిస్తే, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టినవారు అబ్సార్బ్ వర్గంలో వందకు దాదాపు ఇద్దరు, లోహపు స్టెంట్ వర్గంలో ఒకరికన్నా తక్కువ. 2017 సెప్టెంబరులో దాని అమ్మకం ఆపివేశారు. మన దేశంలో గుజరాత్‌లోని వాపిలో 100 మైక్రాన్ల సన్నని తీగతో ఒకటి తయారుచేశారు. 2024లో అమెరికా మోకాలి కింది నాళాలకు ఎవరోలిమస్ పూతగల కరిగే స్టెంట్‌ను అనుమతించింది. గుండె విషయంలో మాత్రం మందు పూసిన లోహపు స్టెంటే నేటికీ ఎక్కువమందికి వేసేది. "కరిగేదే వెయ్యండి" అని డాక్టరు మీద పట్టుబట్టేవారిని చూశాను, అది తగదు.

ఇక నాన్నగారి మాట. లాక్టిక్ స్టెంట్ అయితే సుమారు మూడేళ్ళలో కరిగిపోతుంది. కాని నాళాన్ని ఇరుకు చేసిన జబ్బు స్టెంట్‌తోపాటు కరిగిపోదమ్మా. మిగిలిన నాళాల్లోనూ అది ఉండవచ్చు. అందుకే సాధారణంగా ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే మాత్ర జీవితాంతం వాడమంటారు. క్లోపిడోగ్రెల్ వంటి రెండో మాత్రను చాలామందికి కొంతకాలం తర్వాత డాక్టరే ఆపుతారు. బహుశా మీ అన్నయ్యలు విన్నది దాని గురించే కావచ్చు. వెళ్ళేటప్పుడు ఆసుపత్రివారు ఇచ్చిన స్టెంట్ కార్డు వెంట ఉంచుకోండి. అది పోతే డిశ్చార్జి కాగితమైనా సరే. రేపు పన్ను తీయించుకోవలసి వచ్చినా ఆ కాగితమే ముందు చూపించండి.