తలుపుకు అంటించామంటే సరిపోదు

సివిల్ కేసు ఎందుకు కదలడం లేదని ఏ ప్లీడరు గుమాస్తాను అడిగినా ముందుగా వచ్చే జవాబు ‘సమన్లు అందలేదు, వాయిదా’ అనే. అంతకంటే ప్రమాదకరమైనది, అందని సమన్లు అందినట్టు రికార్డుకెక్కడం. అందకపోతే కేసు ఆలస్యమవుతుంది. అందినట్టు రాస్తే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. పొలం ఎవరిదో, అప్పు ఎంతో ఒక పక్షం మాట మీదే తేలిపోతుంది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. ఐదో ఆర్డరు ప్రకారం సమన్లు ప్రతివాదికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. ఆయన ఇంట్లో లేక, త్వరలో దొరికే సూచన కూడా లేకపోతే, కలిసి ఉంటున్న కుటుంబంలోని పెద్దవాళ్లకు, ఆడవారైనా మగవారైనా, ఇవ్వవచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. సంతకానికి నిరాకరించినా, శ్రద్ధగా వెతికినా మనిషి దొరక్కపోయినా ఇంటి బయటి తలుపుకు ప్రతిని అంటించాలి. ఏ పరిస్థితుల్లో అంటించారు, ఇల్లు ఎవరు చూపించారు, ఎవరి ఎదుట అంటించారు, వాళ్ల పేర్లూ చిరునామాలూ ఏమిటన్నది రిపోర్టులో రాయాలని 17వ రూలు చెబుతోంది.

కానీ కోర్టుకు తిరిగొచ్చే రిపోర్టుల్లో తరచూ కనిపించేది ‘ఇంటికి తాళం, తలుపుకు అంటించడమైనది’ అన్న ఒక్క ముక్క. ఎన్ని గంటలకు వెళ్లారు? మళ్లీ ఎప్పుడైనా వెళ్లారా? పక్కింటివాళ్లను అడిగారా? వాళ్లేమన్నారు? నాట్ల రోజుల్లో కూలికెళ్లే కుటుంబం ఇంటికి పట్టపగలు వెళితే తాళమే ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనిషి పాత ఇంటి తలుపుకు కాగితం అంటిస్తే, కేసు సంగతి ఆయన చెవిన పడేది డిక్రీ అమలుకు మనుషులు వచ్చాకే. దేశం బయట ఉంటున్నవారికి సమన్లు ఎలా పంపాలో 25వ రూలు విడిగా చెబుతూనే ఉంది.

తప్పంతా సమన్లు తీసుకెళ్లే కోర్టు ఉద్యోగి (ప్రాసెస్ సర్వర్) మీదికి నెట్టడం న్యాయం కాదు. డోర్ నంబరు లేని చిరునామా ఇచ్చేది వాది. సమన్ల ఖర్చుకు బ్యాటా కట్టి చేతులు దులుపుకునేది వాది తరఫు న్యాయవాది. అఫిడవిట్ లేని రిపోర్టు వస్తే, తెచ్చిన ఉద్యోగిని ప్రమాణం మీద విచారించాల్సింది కోర్టు. 19వ రూలు దాన్ని తప్పనిసరి చేసింది. ఆ విచారణ జరిగే కోర్టులు ఎన్ని?

కాగితం అందలేదని బుకాయించి కాలం గడిపే ప్రతివాదులు లేరా అంటే, ఉన్నారు. వాళ్లకు ఆయుధం ఇస్తున్నది కూడా ఈ అరకొర రిపోర్టే. ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టివేయించుకోవడానికి గడువు మామూలుగా డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సక్రమంగా అందలేదని తేలితే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కిస్తారు. పేపరు ప్రకటన ద్వారా ఇచ్చిన సమన్లను ఈ లెక్కకు సక్రమంగా అందినట్టు పరిగణించకూడదని లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ వివరణే చెబుతోంది. అంటే గెలిచానని నిశ్చింతగా ఉన్న వాది ఏళ్ల తర్వాత మళ్లీ మొదటి వాయిదాకు రావచ్చు. వాయిదా తేదీ ప్రతివాదికి ముందే తెలుసని చూపగలిగితే మాత్రం సమన్లలోని చిన్న లోపం డిక్రీని పడగొట్టదు. అది చూపాలన్నా ఆధారం ఆ రిపోర్టులోనే ఉండాలి.

2002 సవరణలతో కొరియర్, ఈమెయిల్ వచ్చాయి. కరోనా కాలంలో, 2020లో, సుప్రీంకోర్టు వాట్సాప్‌నూ అనుమతించింది. ప్రాసెస్ సర్వర్ ఫోన్‌లో ఫొటో, జీపీఎస్ నమోదు చేసే ఎన్‌స్టెప్ విధానం నిజంగా మేలైనది. అయితే ఆ ఫొటో తలుపు దాకా వెళ్లారని చెబుతుంది గానీ, ఆ ఇంట్లో ప్రతివాది ఉంటున్నాడో లేదో చెప్పదు. అది ఇరుగుపొరుగును అడిగి రాయాల్సిందే.

అందువల్ల జిల్లా జడ్జీలకు ఒక విన్నపం. వెళ్లిన వేళ, ఇల్లు చూపినవారి పేరు, సాక్షి సంతకం లేని రిపోర్టును అంగీకరించకండి. మళ్లీ పంపండి. ఒక వాయిదా పోతే పోనివ్వండి.