మూసేసిన విచారణ

మొన్నొక స్నేహితురాలు ఫొటో పంపింది. పాత రాతి చర్చి. పైన కప్పు లేదు. గోడల మధ్యలోంచి అద్దాలూ ఇనుమూ కలిసి అంతస్తులకి అంతస్తులు పైకి లేచాయి. "ఎంత పొయెటిక్‌గా ఉందో చూడు. శిథిలం, జ్ఞాపకం, నగరం. దీని మీద నువ్వు రాయాలి" అని కింద మెసేజ్.

రాస్తున్నాను. పొయెటిక్‌గా మాత్రం కాదు.

ఆ భవనం నాకు తెలుసు. బోస్టన్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేశాను. సౌత్ ఎండ్ పేటలో షామట్ అవెన్యూ మీద ఉంటుంది. గులకరాళ్ళన్నీ ముద్దచేసి పోతపోసినట్టుండే రాక్స్‌బరీ రాయితో కట్టిన గోడలు. జర్మనీ నుంచి వలసొచ్చిన కతోలికులు 1844లో అక్కడ హోలీ ట్రినిటీ అనే పారిష్ పెట్టుకున్నారు. ఇప్పుడు మిగిలిన గోడలు 1877 నాటి గుడివి. కట్టుబడి పాట్రిక్ కీలీది, ఐర్లండ్ నుంచి వలసొచ్చిన ఇంకొకాయన. 2008లో మూసేశారు. ఇప్పుడది ఎనిమిదంతస్తుల ఖరీదైన ఫ్లాట్లు. పేరు 'ది లూకాస్'. బీదల గురించి లూకా సువార్త ఏమందో చదివినవాళ్ళకి ఆ పేరు వింటే నవ్వొస్తుంది. నాకూ మొదటిసారి నవ్వే వచ్చింది.

కోపం తర్వాత వచ్చింది. ఫ్లాట్లు కట్టినవాళ్ళ మీద కాదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నా కోపం ఒక వాక్యం మీద. చర్చి మూసేటప్పుడల్లా, ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా ఎవరో ఒకరు ఆ వాక్యం చెప్తారు: "చర్చి అంటే గోడలు కాదు, మనుషులు." వినడానికి ఎంత బాగుంటుంది! వేదాంతం ప్రకారం తప్పు కూడా కాదు. కానీ ఈ మాట ఎప్పుడు చెప్తున్నారో చూడండి. గోడలు కట్టడానికి చందాలు అడిగేటప్పుడు చెప్పరు. అప్పుడది దేవుని ఇల్లు. ప్రతి ఇటుకా ప్రార్థనే. అమ్మేటప్పుడు మాత్రం అవి ఉత్త గోడలైపోతాయి.

మా తెలుగు కతోలికులు పారిష్‌ని విచారణ అంటారు. పారిష్ ప్రీస్ట్ విచారణ గురువు. చిన్నప్పుడు నాకీ మాట వింతగా ఉండేది. పోలీస్ స్టేషన్లో జరిగేదీ విచారణే, ఆదివారం పూజకి వెళ్ళేదీ విచారణే. యోగక్షేమాలు విచారించడం అనే అర్థంలో వచ్చి ఉంటుందని పెద్దయ్యాక సర్దిచెప్పుకున్నాను. బోస్టన్ కథ చదివాక మాత్రం, ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉండటమే న్యాయమనిపిస్తోంది.

2004 మేలో బోస్టన్ అగ్రపీఠం తన 357 పారిష్‌లలో 65 మూసేస్తున్నట్టు ప్రకటించింది. దానికి ముందు ఒక తతంగం నడిచింది. పక్కపక్క పారిష్‌లని గుంపులుగా చేసి, "మీలో ఏది మూయాలో మీరే కూర్చుని చెప్పండి" అన్నారు. నిన్నటిదాకా పండగలకి ఒకరి గుడికి ఒకరు వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఎవరి గుడి మీద వేటు పడాలో ఎంచాలి. దీనికి సంప్రదింపులు అని పేరు. కోళ్ళని పిలిచి ఏ మసాలా బాగుంటుందని అడిగినట్టుంది.

ఆస్తి ఎవరిదన్నది ఇంకా తమాషా. చర్చి సొంత ధర్మశాస్త్రం (కానన్ లా అంటారు) ప్రకారం పారిష్ ఒక చట్టబద్ధ వ్యక్తి. అది సంపాదించుకున్న ఆస్తి దానిదే. మసాచుసెట్స్ రాష్ట్ర చట్టంలో మాత్రం 1897 నుంచీ బోస్టన్ అగ్రపీఠాధిపతి ఒక 'కార్పొరేషన్ సోల్'. అంటే ఒకే ఒక్క మనిషి ఉన్న సంస్థ. గుళ్ళూ బళ్ళూ స్థలాలూ ఆ పదవి పేరు మీద ఉంటాయి. తరతరాలుగా వారం వారం కవర్లో డాలర్లు పెట్టి వేసిన చాకలమ్మ, ఇటుకల మేస్త్రీ, ఫ్యాక్టరీ కూలీ ఆ కాగితాల్లో ఎక్కడా ఉండరు.

బోస్టన్‌కి దక్షిణాన, సముద్రం ఒడ్డున సిచ్యుయేట్ అనే ఊరుంది. అక్కడ మూసేయమన్న గుడి సెయింట్ ఫ్రాన్సెస్ జేవియర్ కబ్రీనీ పేరు మీద ఉంది. కబ్రీనీ ఇటలీ నుంచి అమెరికాకి వలస వచ్చిన సన్యాసిని. 1946లో ఆమెని పునీతురాలిగా ప్రకటించారు. అమెరికా పౌరుల్లో ఆ గౌరవం దక్కిన మొదటి మనిషి. వలసవచ్చినవాళ్ళకి పాలక పునీత కూడా. ఆమె పేరున్న గుడిలోంచి జనాన్ని వెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళు వెళ్ళలేదు. 2004 అక్టోబర్ 26న లోపల కూర్చున్నారు. ఇరవైనాలుగు గంటలూ కనీసం ఒక్కరైనా లోపల ఉండేట్టు వంతులు వేసుకున్నారు. మనిషి లేని గంట దొరికితే తాళం పడుతుందని వాళ్ళకి తెలుసు. రాత్రిళ్ళు అక్కడే పడుకున్నారు. గురువు లేడు. ఆదివారాలు ప్రార్థనలు వాళ్ళే నడుపుకున్నారు. వాటికన్ దాకా అప్పీలుకి వెళ్ళి ఓడిపోయారు. మామూలు కోర్టులోనూ ఓడిపోయారు, మీరు అక్రమంగా చొరబడ్డవాళ్ళు అని తీర్పొచ్చింది. 2016 మేలో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోకపోవడంతో, ఆ నెలాఖరు ఆదివారం చివరి ప్రార్థన చేసుకుని బయటికొచ్చారు.

పదకొండేళ్ళ ఏడు నెలలు! ఆ నిరసనలో ఏడాది పిల్లగా ఒళ్ళో ఉన్న పిల్ల, అది ముగిసేనాటికి హైస్కూలు గుమ్మంలో ఉంటుంది. ఆ స్థలం ముప్పై ఎకరాలు, అదీ సముద్రపు ఒడ్డున. మూయడానికి అసలు కారణం ఈ స్థలం విలువేనని వాళ్ళ ఆరోపణ. అది నిజమో కాదో నేను తేల్చలేను. కానీ ఖాళీ గుళ్ళకి కాపలా ఎవరూ అన్నాళ్ళు కాయరు. ఏదో లెక్క తేలలేదని నమ్మినవాళ్ళే కాస్తారు.

ఇక్కడే నాకు మన సాహిత్య జనంతో పేచీ. ఇలాంటి గుడి మూతపడగానే మనకి కావలసింది జ్ఞాపకం. ఆఖరి పూజ, కొవ్వొత్తులు, ఒక స్మారక సంచిక. అవి నేనూ చదివాను. ఒకటి చదివితే పది చదివినట్టే. "నా జ్ఞానస్నానం ఇక్కడే జరిగింది, మా అమ్మానాన్నల పెళ్ళి ఇక్కడే. క్రిస్మస్ అర్ధరాత్రి పూజకి మంచులో నడిచొచ్చేవాళ్ళం. నాయనమ్మ ఎప్పుడూ మూడో బెంచీలోనే కూర్చునేది." అబద్ధాలని కాదు, అన్నీ నిజాలే. అందుకే అంత పనికొస్తాయి. మూసేవాళ్ళకి ఈ జ్ఞాపకాలతో ఇబ్బందేం లేదు. అచ్చువేయడానికి వాళ్ళే డబ్బులిస్తారు. తలుపుకి తాళం, చేతికి పుస్తకం. తీపి జ్ఞాపకం ఎవరినీ ఏమీ అడగదు కదా.

ఆ నాయనమ్మ మూడో బెంచీలో కూర్చునేది సరే. ఆ బెంచీకి డబ్బులెవరిచ్చారు? ఆమె ఎన్నేళ్ళు అక్కడ నేల తుడిచింది? మూసేముందు ఆమెని ఎవరైనా అడిగారా? ఈ ప్రశ్నలు పెడితే జ్ఞాపకం సాక్ష్యమవుతుంది. అప్పుడు దాన్ని సంచికలో వేయరు.

సంచికలో వేయనిది ఇంకొకటి ఉంది. అది చెప్పకుండా నేను ఈ గుడి వాళ్ళ తరఫున మాట్లాడితే నేనూ అబద్ధమాడినట్టే. 'స్పాట్‌లైట్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది: ఒకే ఒక్క గురువు మీద 130 మందికి పైగా, చిన్నప్పుడు తమని లైంగికంగా హింసించాడని చెప్పారు. ముప్పై ఏళ్ళలో ఆయన్ని ఆరు పారిష్‌లు తిప్పారు. 2003లో 552 మంది బాధితులకి అగ్రపీఠం ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఏడాది తిరక్కుండానే చర్చిల మూత. పరిహారం డబ్బు వేరే ఆస్తి అమ్మకం నుంచీ ఇన్సూరెన్స్ నుంచీ వస్తుందనీ, దానికీ మూతకీ సంబంధం లేదనీ అగ్రపీఠం చెప్పింది. అగ్రపీఠాధిపతి నివాసాన్ని, చుట్టూ ఉన్న స్థలంతో సహా, దాదాపు పదికోట్ల డాలర్లకి బోస్టన్ కాలేజీకి అమ్మిన మాట నిజమే. సరే, నమ్ముదాం.

కానీ ఆ పిల్లలకీ ఒక పారిష్ ఉండేది. వాళ్ళకీ ఒక మూడో బెంచీ ఉండేది. మంచులో నడిచొచ్చిన అర్ధరాత్రి పూజ వాళ్ళకి ఎలా గుర్తుంటుంది? పూజ దుస్తులు మార్చుకునే గది తలుపు ఎలా గుర్తుంటుంది? మన బంగారు జ్ఞాపకాల్లో వాళ్ళకి చోటు లేకపోతే అది జ్ఞాపకం కాదు, ప్రకటన. గుడి కోసం ఏడ్చేవాళ్ళు ఈ మాట ముందు ఒప్పుకోవాలి, ఎందుకంటే రెండుచోట్లా పనిచేసింది ఒకే అధికారం. ఎవరికీ చెప్పకుండా గురువుని ఒక విచారణ నుంచి ఇంకో విచారణకి మార్చిన చెయ్యే, ఎవరి సమ్మతీ లేకుండా విచారణనే తీసేయగలిగింది. రెండుసార్లూ జనానికి చెప్పింది ఒకటే: నమ్మండి, ప్రార్థించండి.

"మరి ఏం చేయమంటావు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జనం తగ్గారు, గురువులు తగ్గారు. మన గుంటూరు, నెల్లూరు వైపు నుంచి వెళ్ళిన తెలుగు గురువులు ఇప్పుడు అమెరికా పారిష్‌లలో పూజలు చేస్తున్నారంటే అక్కడి కొరత అర్థమవుతుంది. గుళ్ళు కట్టినవాళ్ళ మనవలు శివార్లకి వెళ్ళిపోయారు. ఆఖరి పూజలో ఏడ్చేవాళ్ళంతా ప్రతి ఆదివారం వచ్చి ఉంటే గుడి మూతపడేదే కాదన్న ఎత్తిపొడుపులోనూ నిజముంది. కప్పు కారే గుడిని పదిమంది ముసలివాళ్ళ కోసం నడపమని నేననడం లేదు. మూయండి. కానీ వాళ్ళ ధర్మశాస్త్రమే 1222వ నిబంధనలో ఏమంటుందో చూడండి: గుడిని ఆరాధన నుంచి తప్పించి లౌకికమైన, అయితే హేయం కాని పనికి ఇవ్వాలంటే గట్టి కారణం ఉండాలి, గురువుల మండలి మాట వినాలి, ఆ గుడి మీద న్యాయంగా హక్కున్నవాళ్ళ సమ్మతి తీసుకోవాలి. హక్కున్నవాళ్ళు ఎవరు? కట్టినవాళ్ళకీ, కవర్లు వేసినవాళ్ళకీ ఆ జాబితాలో చోటుందా? ఎనిమిదంతస్తుల ఖరీదైన ఫ్లాట్లు హేయమా కాదా అన్నది వేరే చర్చ, అది మీకే వదిలేస్తాను.

అడిగితే జరిగేదేముంది అనే నిరాశావాదులకి క్లీవ్‌లాండ్ సంగతి చెప్పాలి. బోస్టన్‌లో ఈ మూతల పని చూసిన రిచర్డ్ లెన్నన్ తర్వాత క్లీవ్‌లాండ్‌కి పీఠాధిపతిగా వెళ్ళి అక్కడ సుమారు యాభై పారిష్‌లు మూయించాడు. సెయింట్ కాసిమిర్ అని పోలిష్ వాళ్ళ గుడి, 2009 నవంబర్‌లో తాళం పడింది. వాళ్ళు స్మారక సంచిక వేసుకుని ఊరుకోలేదు. ప్రతి ఆదివారం ఆ గుడి కంచె బయట, పేవ్‌మెంట్ మీద నిలబడి ప్రార్థన చేసుకున్నారు. ఎండా వానా మంచూ అన్నిట్లోనూ. అప్పీళ్ళు వేశారు. 2012 మార్చిలో వాటికన్ పదమూడు పారిష్‌ల విషయంలో పీఠాధిపతి పద్ధతి పాటించలేదని తేల్చి, ఆయన ఉత్తర్వులు కొట్టేసింది. ఆ జూలైలో సెయింట్ కాసిమిర్ తలుపులు తెరుచుకున్నాయి. జ్ఞాపకం అంటే నాకు ఆ పేవ్‌మెంట్.

మా ఊరి సంగతి చెప్పి ఆపేస్తాను. మాది మాలపల్లెలో పెంకుల గుడి ఉండేది. మా నాయనమ్మ పెళ్ళై వచ్చిన కొత్తలో కట్టారట. పగలు పొలం కూలి, సాయంత్రం గుడికి ఇటుకలు. ఆడవాళ్ళే మోశారు, నెత్తిమీద చుట్టకుదురు పెట్టుకుని. నేను ఇంటర్‌లో ఉండగా దాన్ని పడగొట్టి పెద్ద స్లాబు గుడి వేశారు. మంచిదే, వానకి కారదు. కానీ పడగొడుతున్నారని మాకు తెలిసింది జేసీబీ వచ్చాకే. నాయనమ్మ కర్ర పట్టుకుని వెళ్ళి నిలబడింది. అప్పటి ఫాదర్ గారు నెమ్మదైన మనిషి. "గోడల్లో ఏముందమ్మా, గుడంటే మీరే కదా" అన్నారు.

"ఇటికెలు మోపిచ్చినప్పుడు ఈ మాట చెప్పలేదేంది సామీ?" అంది నాయనమ్మ.

ఆయన జవాబు చెప్పలేదు. ఆమె ఒక ఇటుక ఏరి కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది. మంచినీళ్ళ కుండ కింద పెట్టింది. ఆమె పోయి ఆరేళ్ళయింది, ఇటుక అక్కడే ఉంది. ఇప్పుడు వేరే ఫాదర్ గారు, కుర్రాయన. ఇల్లు దీవించడానికి వచ్చినప్పుడల్లా మా అమ్మ ఆయనకి కుర్చీ సరిగ్గా ఆ కుండకి ఎదురుగా వేస్తుంది. దాహం వేస్తే ఎట్లాగూ అటే చూడాలి కదా అంటుంది.